చీనా బాలుని ఆంగ్లవిద్య

చీనాదేశమున దక్షిణపు దిక్కున, సముద్రతీరమున, మకావో అను పట్టణము కలదు. పదునారవ శతాబ్దమునుండి అది పోర్చుగీసువారి వశమున నుండి, 1999వ సంవత్సరమున మరల చీనాకు చేరినది. ఆ పట్టణమునకు నాలుగు మైళ్ల దూరమున, నడుమ సన్నని సముద్రపుపాయ యడ్డముగా, నాంపింగ్ అను పల్లె యున్నది. ఆ మాటకు ‘దక్షిణపు తెర’ యని యర్థము. ఆ పల్లెలో, 1828వ సంవత్సరము నవంబరు 17వ తేదీన, ఒక పేదయింట యుంగ్ వింగ్ అను బాలుడు జన్మించెను. తలిదండ్రులకు నలుగురు సంతానము. మొదటివాడు కుమారుడు, పిమ్మట ఒక కుమార్తె, మూడవవాడు యుంగ్ వింగ్, కడపటివాడు తమ్ముడు.

1835లో, ఏడేండ్ల ప్రాయమున, తండ్రి అతనిని మకావోకు తీసికొనిపోయి, గుట్స్‌లాఫ్ దొరసాని నడుపుచున్న బడిలో చేర్చెను. పెద్దకుమారుడు ఊరిలోనే పంతులుకడ కన్ఫ్యూషియస్ గ్రంథములు వల్లించుచుండగా, చిన్నవానిని మాత్రము పరదేశీయుల బడికేల పంపిరో యుంగ్ వింగ్‌కు ఏండ్లు గడచినను బోధపడలేదు. విదేశీయులతో వర్తకము నానాటికి పెరుగుచుండెను. వారి భాష నేర్చినవాడు దుబాసి పని సంపాదించి నాలుగు రాళ్లు కూడబెట్టగలడని తలిదండ్రులు తలంచియుందురని అతడు పెద్దవాడైన పిమ్మట ఊహించెను. బిడ్డ చదువును గూర్చి పేదల తలంపు ఏ దేశముననైనను ఇంచుమించుగా ఇట్లే యుండును.

ఆ దొరసాని మంచి పొడగరి. నీలికండ్లు, పండిన గడ్డివన్నె జుట్టు, దట్టమైన కనుబొమలు, తెల్లని గౌను, దానికి పెద్ద పెద్ద బుట్టచేతులు! అంతవరకు అట్టి మనిషిని కనియెరుగని బాలుడు గజగజ వణకి తండ్రిని కరచిపట్టుకొనెను. ఆమె అతనిని బాలికలుండు మేడమీద ఉంచినది. క్రింద వీథిలో ఆడుకొను పిల్లలను చూచుచు మేడమీద కూర్చుండుట అతనికి చెరవలె తోచినది. కొంతకాలమునకు అతడు ఆరుగురు బాలికలను కూడగట్టుకొని, రేవునకు పోయి, కప్పుగల పడవ యొకటి మాటలాడి, ఇంటికి పారిపోజూచెను. పడవ సగము దూరము పోకమునుపే, వెనుకనుండి ఎక్కువ తెడ్లుగల మరియొక పడవ తరుముకొని వచ్చి వారిని పట్టుకొన్నది. మరునాడు బడిలో, పారిపోయిన పిల్లలనందరిని పొడుగుబల్లమీద నిలువబెట్టి, యుంగ్ వింగ్ తలకు పొడవైన కాగితపు టోపీ పెట్టిరి. యుంగ్ వింగ్ రొమ్మున ‘పారిపోయినవారికి నాయకుడు’ అని వ్రాసిన చీటి వ్రేలాడుచుండెను. అంతటితో పోలేదు. తక్కిన పిల్లలకు నారింజపండ్లును అల్లపు బిస్కత్తులును పంచిపెట్టి, వీరిచూపులముందే తినుమనిరి. బెత్తపుదెబ్బలకంటె ఆ నారింజపండ్లే అతనికి ఎక్కువగా జ్ఞాపకముండిపోయినట్లు తోచుచున్నది. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట తన చరిత్ర వ్రాసికొనుచు కూడ అతడు వానిని మరువలేదు.

ఆ బడిలోనే అంధబాలికలు కొందరుండిరి. దొరసాని వారిని చేరదీసి, ఉబ్బెత్తుగా అచ్చొత్తిన అక్షరములను వ్రేళ్లతో తడవి చదువుట నేర్పినది. కండ్లులేని ఆ బాలికలు క్రమముగా పెద్ద పెద్ద గ్రంథములనే చదువగలిగిరి. కండ్లున్న యుంగ్ వింగ్‌కు అప్పటికి వచ్చినది అక్షరములును, అంకెలును, కొన్ని చిన్నమాటలును మాత్రమే.

1839 ప్రాంతమున నల్లమందు వర్తకముపై ఆంగ్లేయులకును చీనా ప్రభుత్వమునకును తగవు ముదిరినది. బడి మూతపడినది. బాలుడు ఇల్లు చేరెను. మరుసటి సంవత్సరము శరత్కాలమున తండ్రి మరణించెను. తల్లి చేతిలో చిల్లిగవ్వలేదు. అన్న చేపలు పట్టుటకు పోవుచుండెను. అక్క ఇంటిపనులలో తల్లికి తోడుపడుచుండెను. పన్నెండేండ్ల యుంగ్ వింగ్ తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, మిఠాయి తట్ట నెత్తిన బెట్టుకొని, తమ యూరను చుట్టుప్రక్కల యూళ్లను కేకలువేయుచు తిరిగి, సాయంకాలము ఆరు గంటలకు ఇల్లు చేరుచుండెను. దినమునకు 25 సెంట్లు గిట్టుచుండెను. ఆ డబ్బు తెచ్చి తల్లి చేతిలో పోయువాడు.

చలికాలము గడచి మిఠాయి తయారగుట నిలిచిపోగా, అక్కతమ్ములిద్దరును పరిగె యేరుకొనుటకు వరిచేలకు పోవుచుండిరి. కోతగాండ్రు ముందు కోసుకొని పోవుచుందురు. వెనుక జారిపడిన కంకులు ఏరుకొనువారి సొమ్ము. ఒకనాడు అక్క మాటలసందున, తన తమ్మునికి ఆంగ్లము మాటలాడుటయు చదువుటయు వ్రాయుటయు వచ్చునని కోతగాండ్ర పెద్దతో చెప్పినది. ఆతడు కొడవలి ఆపి బాలుని తేరిపార చూచెను. ఆ ప్రాంతమువారు పాశ్చాత్యులను ‘ఎర్రజుట్టువారు’ అని పిలుచుచుండిరి. ఎర్రజుట్టువారి భాష తానెన్నడును వినలేదనియు, ఒక్కసారి మాటలాడి వినిపింపుమనియు అతడు కోరెను. బాలుడు సిగ్గుపడి వెనుదీసెను. మాటలాడినచో పెద్ద వరిమోపు ఇచ్చునేమో యని అక్క చెవిలో చెప్పినది. అంతట వాడు ధైర్యము తెచ్చుకొని, బురదలో మోకాలిలోతున నిలిచి, ఆంగ్ల వర్ణమాలలోని ఇరువదియారక్షరములను మొదటినుండి తుదివరకు గుక్కతిప్పుకొనక వల్లించెను. కోతగాండ్రందరు నోళ్లు తెరచి నిలువబడిరి. పెద్ద సంతోషించి, ఆ పిల్లలు మోయలేనన్ని వరిపనలు ఇచ్చి పంపెను. ఆ రాత్రి తల్లి ఎంత సంతోషించెనో చెప్పనక్కరలేదు.

ఆ వరిచేనిలో వినిపించినది ఆంగ్లమే యని అందరు నమ్మిరి. ఒక్క వాక్యమైనను, ఒక్క మాటయైనను పలుకబడలేదని వారికి తెలియదు. బాలునికి తెలియును. ఆనాటి ముచ్చటను అతడు నవ్వుచునే వ్రాసికొన్నాడు. కాని, అక్షరములు పలుకుటకును అర్థము గ్రహించుటకును ఎంత దూరమున్నదో, ఆ దూరమును దాటుట చీనా బాలునికి ఎట్టి ప్రయాసయో, ఆ కాలపు చదువు తీరు తెలిసినగాని బోధపడదు.

తెలుగుబాలుడు పలకపట్టిన మొదటి దినముననే ‘అ’ యన్న గుర్తు ‘అ’ యన్న ధ్వనికి చిహ్నమని నేర్చుకొనును. గుణింతము వచ్చిన పిమ్మట ఎరుగని మాటనైనను కూడబలుకుకొని చదువగలడు. చీనా లిపి అట్టిదికాదు. అందు ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క మాటవంటిది. దానికి ధ్వనియు అర్థమును కలిసియుండును. సామాన్యమైన చదువునకే కొన్నివేల గుర్తులు నేర్వవలెను. కావున అర్థములేని ఉత్త ధ్వనికి ఒక అక్షరముండుట, అట్టి అక్షరములు నాలుగు చేరినప్పుడు ఒక మాట పుట్టుట, చీనా బాలునకు వింతగా నుండును. పైగా ఆ కాలపు పల్లెబడులలో పిల్లలు గ్రంథమును ముందుగా కంఠపాఠము చేయవలెను. గురువునకు వీపు త్రిప్పి నిలిచి, తప్పులేకుండ ఒప్పగింపవలెను. దాని యర్థమును గురువు చెప్పుట ఎప్పుడో కొన్నియేండ్లకు. ఆ బాలురు గొప్ప జ్ఞాపకశక్తి గలవారగుచుండిరి, అందు సందేహములేదు. కాని ఆ పద్ధతినే ఆంగ్లమునకును ఉపయోగించినచో పుస్తకమంతయు నోటికి వచ్చునేగాని, అందేమున్నదో తెలియదు.

పెద్దలు ఆంగ్లము నేర్చిన తీరు మరియొక విధము. కాంటన్ రేవులో విదేశీయులతో వర్తకము చేయువారికై చిన్న చిన్న పుస్తకములు అమ్ముచుండిరి. అందు చీనామాట యొకటి యుండును. దానిక్రింద ఆంగ్లపు మాటకు దగ్గరగా ధ్వనించు చీనా గుర్తు లుండును. ఆంగ్లాక్షరమొక్కటియు నుండదు. ఆ మాటలను చీనాభాష వరుసలోనే పేర్చి బేరములాడుచుండిరి. అట్లు పుట్టిన సంకరభాషకు ‘పిజిన్’ అని పేరు. వర్తకమను అర్థముగల ‘బిజినెస్’ అన్న మాటయే చీనావారి నోట అట్లు మారినదని పలువురు చెప్పుదురు. తేయాకు అమ్ముటకు, పట్టు కొనుటకు ఆ భాష చాలును. పుస్తకము చదువుటకు పనికిరాదు.

యుంగ్ వింగ్‌కు మరల చదువుకొను భాగ్యము అచ్చుకూటము మూలమున కలిగినది. మకావోలో ఒక ముద్రణాలయమునకు, అచ్చయిన కాగితములను పుటల అంకెల వరుసను మడచుటకు అంకెలు తెలిసిన కుఱ్ఱవాడు కావలసివచ్చెను. నెలకు నాలుగున్నర డాలర్లు జీతము. భోజనమునకు బసకు ఒకటిన్నర పోగా, మిగిలిన మూడు డాలర్లు తల్లికి పంపుచుండెను. అట్లు నాలుగు నెలలు గడచునప్పటికి హాబ్సన్ అను వైద్యుడు అతనిని వెదకించి పిలిపించెను. గుట్స్‌లాఫ్ దొరసాని దేశము విడిచిపోవునప్పుడు, ఆ బాలుని కనిపెట్టి మారిసన్ పాఠశాలలో చేర్పింపవలసినదని ఈ వైద్యుని కోరిపోయెనట! పారిపోజూచిన శిష్యుని ఆమె మరువలేదు. పాఠశాలలో చేరువరకు యుంగ్ వింగ్ హాబ్సన్‌గారి వైద్యశాలలో కల్వములో మందులు నూరుచు, మాత్రలు చుట్టుచు గడపెను.

1841లో అతడు చేరిన ఆ పాఠశాలకు రాబర్ట్ మారిసన్ పేరు పెట్టిరి. ఆయన 1807లో చీనాకు వచ్చి, ఎన్నో యిడుమలకోర్చి, చీనా ఆంగ్ల భాషలకు గొప్ప నిఘంటువును రచించిన ఆంగ్లేయుడు. పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున చదివిన సామ్యూల్ రాబిన్స్ బ్రౌన్. ఉదయమున ఆంగ్లమును, మధ్యాహ్నమున చీనాభాషయు నేర్పుచుండిరి. యుంగ్ వింగ్ కంటె ముందు చేరిన ఐదుగురు బాలురు అప్పటికే గణితము, భూగోళము నేర్చుచుండిరి. ఆంగ్లమును పైకి చదువుటలో, ఉచ్చరించుటలో మాత్రము అతడే వారికంటె ముందుండెను. గుట్స్‌లాఫ్ దొరసానికడ నేర్చిన పలుకు చక్కని పలుకు. పలుకు వచ్చినది, ఇక భావము పట్టవలెను.

ఇచ్చట చీనా బాలునకెదురగు చిక్కులు కొన్ని తెలిసికొనదగినవి. చీనాభాషలో క్రియకు రూపభేదము లేదు. నిన్న పోయినను, నేడు పోవుచున్నను, రేపు పోనున్నను క్రియ యొక్కటే. కాలమును వేరుమాటలు తెలుపును. అట్టివానికి ‘గో’ అన్నది ‘వెంట్’ ఎట్లయ్యెనో, మరల ‘గాన్’ ఎట్లయ్యెనో తలకెక్కదు. తెలుగువానికి ‘పోయెను, పోవుచున్నాడు, పోగలడు’ అను భేదము పుట్టుకతో వచ్చినదే కావున ఆ బాధ తక్కువ. ఒక్కటా పెక్కా అనునది కూడ చీనాలో నామవాచకమును చూచి చెప్పజాలము. ‘ఎ’, ‘ది’ అను ఆంగ్లపు చిన్నమాటలు చీనావానికిని తెలుగువానికిని సమానముగా కొరకరాని కొయ్యలు.

మరియొక విషయమున చీనా బాలుడు అదృష్టవంతుడు. ‘నేను అన్నము తింటిని’ అని మనము క్రియను చివర నుంతుము. చీనావారు ఆంగ్లేయులవలె ‘నేను తింటిని అన్నము’ అను వరుసలో పలుకుదురు. కాని వాక్యము కొంచెము పెరిగినంతనే ఆ సుఖము పోవును. ‘ఓడను చూచిన జాలరి పరుగెత్తెను’ అని మనమందుము. ‘ఓడను చూచిన’ అను విశేషణము జాలరికి ముందు వచ్చినది. చీనాభాషలోను అంతే. ఆంగ్లమున అది జాలరికి వెనుక చేరును. ‘జాలరి, ఎవడు ఓడను చూచెనో, పరుగెత్తెను’ అనునట్టి వరుస. ఒక్కొక్క మాటకే అర్థము కట్టుకొనుచు పోవు బాలునకు ‘ఓడ’, ‘పరుగెత్తెను’ అను మాటలు ప్రక్కప్రక్కను కనబడును. వాడు ఓడయే పరుగెత్తినదని అనుకొనును! ప్రతి మాటకును అర్థము తెలిసియున్నది. వాక్యము మాత్రము తెలియలేదు. నిఘంటువు ఇచ్చట సాయపడదు. ఎవరు చూచిరి, దేనిని చూచిరి, పిమ్మట పరుగెత్తినది ఎవరు అని వాక్యమును ప్రశ్నించి, సమాధానము రానిచో మరల మొదటినుండి చదువవలెను. అట్టి ప్రశ్నలను మొదట గురువు వేయును. కొంతకాలమునకు బాలుడు తనలో తానే వేసికొనును.

బ్రౌన్‌గారికి శిష్యులకు విషయమును తేటపరచు నేర్పు పుట్టుకతో వచ్చినదని యుంగ్ వింగ్ వ్రాసియున్నాడు. ఆయన డొంకతిరుగుడు లేకుండ, తానెరిగినదానిని సూటిగా బాలుర మనస్సులో నాటించువాడట. 1842లో పాఠశాల హాంకాంగ్‌నకు తరలినది. అచ్చటి యొక కొండమీద కట్టిన భవనమున బాలురు చదువుకొనిరి. చదివినదానిని తమ మాటలలో వ్రాయుట అలవాటయినది. 1845లో యుంగ్ వింగ్ ఆంగ్లమున ఒక వ్యాసము వ్రాసెను. న్యూయార్కునకు పోయి హడ్సన్ నదిమీద పైకి ప్రయాణించినట్లు ఊహించి వ్రాసినది అది. చూడని నగరము, ఎరుగని నది. పుస్తకములలో చదివి గ్రహించినదే అతనికి ఆధారము. నాలుగేండ్లక్రింద వరిచేనిలో ఇరువదియారక్షరములు వల్లించిన బాలుడే ఇతడు.

1846లో బ్రౌన్‌గారికి ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోవలసివచ్చెను. కొందరు శిష్యులను వెంటబెట్టుకొనిపోయి చదివింపగలననియు, రాదలచినవారు లేచి నిలువవలసినదనియు ఆయన చెప్పగా, తరగతి అంతయు నిశ్శబ్దమైనది. మొట్టమొదట యుంగ్ వింగ్ లేచెను. పిమ్మట వాంగ్ షింగ్, వాంగ్ ఫూన్ అను మరి యిద్దరు లేచిరి. ఇంటికి పోయి చెప్పగా తల్లి కన్నీరు పెట్టుకొనెను, కాని కాదనలేదు.

తేయాకు నింపుకొనిన ‘హంట్రెస్’ అను తెరచాపల ఓడలో వారు 1847 జనవరి 4వ తేదీన బయలుదేరిరి. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, సెంట్ హెలీనా ద్వీపమున నిలిచి, నెపోలియన్‌ను పూడ్చియుంచిన తావును చూచిరి. ఆయన శరీరమును 1840లోనే ఫ్రాన్సునకు తరలించినందున అది శూన్యముగా నుండెను. తొంబదియెనిమిది దినముల పిమ్మట, ఏప్రిల్ 12వ తేదీన, న్యూయార్కు చేరిరి. వ్యాసములో వ్రాసినది నిజమైనది.

మసాచుసెట్సు రాష్ట్రమునందలి మన్సన్ గ్రామమున మువ్వురును ఒక్క యింటనే కాపురముండి, తమ గదులు తామే ఊడ్చుకొని, చలికాలమునకు కట్టెలు తామే కోసికొనుచు చదివిరి. ఆంగ్ల వ్యాకరణము, గణితము, శరీరశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము అన్నియు ఆంగ్లముననే. వాంగ్ షింగ్ ఆరోగ్యము చెడి మరుసటి యేడు స్వదేశమునకు మరలెను. వాంగ్ ఫూన్ స్కాట్లండునకు పోయి ఎడింబరోలో వైద్యము చదివెను. యుంగ్ వింగ్ అమెరికాలోనే నిలిచెను. మతబోధకుడగుదునని ముందుగా మాట యిచ్చినచో చదువునకు ధనసహాయము చేయుదుమని కొందరు చెప్పగా, అతడంగీకరింపలేదు. జార్జియా రాష్ట్రపు మహిళలు కొందరు ఏ నియమమును లేకుండ సాయపడిరి. చాలని సొమ్మునకై విద్యార్థుల భోజనశాలకు సరకులు తెచ్చుట, గ్రంథాలయము చూచుట మొదలగు పనులు చేసెను. 1850లో యేల్ విశ్వవిద్యాలయమున చేరి, అర్ధరాత్రివరకు చదివెను. కలనగణితము అతనికెంతమాత్రము పట్టుబడలేదు. కాని రెండవ సంవత్సరమున ఆంగ్ల వ్యాసరచనలో బహుమానము వరుసగా రెండుమార్లు అతనికే వచ్చినది. 1854లో తొంబదియెనమండ్రు గల తరగతితో పట్టము పుచ్చుకొనెను. అమెరికా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడైన మొదటి చీనీయుడతడు.

ఆ సంవత్సరము నవంబరులో ‘యురేకా’ అను ఓడనెక్కి, నూటయేబదినాలుగు దినములు ప్రయాణించి, హాంకాంగ్ దరిదాపులకు వచ్చెను. రేవులోనికి దారిచూపుటకు ఒక చీనా నావికుడు ఓడమీదికెక్కెను. దగ్గరలో ప్రమాదకరమైన నీటిరాళ్లుగాని, ఇసుకతిప్పలుగాని ఉన్నవేమో అడుగుమని కప్తాను యుంగ్ వింగ్‌ను కోరెను. యుంగ్ వింగ్ నోరు తెరచెను. మాట రాలేదు. నీటిరాయికి, ఇసుకతిప్పకు తన తల్లిభాషలో ఏమందురో ఎంత తడవుకొనినను తోచలేదు. చివరకు ఆంగ్లము కొంత తెలిసిన ఆ నావికుడే, వానిని చీనాలో ఏమందురో అతనికి చెప్పెను. కప్తానును, చుట్టునున్నవారును విరగబడి నవ్విరి. చీనావాడై యుండి చీనాభాష రాదాయెనని! ఎనిమిదేండ్లకు పైగా ఆంగ్లముననే చదివి, ఆంగ్లముననే తలపోసినవాని కథ ఇట్లయినది.

తల్లి మకావోలో నుండెను. కొడుకును చూచి ఆమె వలవల యేడ్చెను. యేల్ పట్టా సంగతి విని, దానికెంత సొమ్మిచ్చిరని అడిగెను. ధనము రాదనియు, ధనముకంటె మిన్నయైన గౌరవమును పలుకుబడిని అది తెచ్చుననియు అతడు నచ్చచెప్పెను. ఆమె తృప్తిపడినది; పిమ్మట అతని పైపెదవిమీద మీసమును చేతితో తడవి, అన్న యింకను మీసము పెంచలేదే, తమ్మునికి తగునా యని మెల్లగా అనెను. యుంగ్ వింగ్ వెంటనే పోయి మీసము తీయించుకొని వచ్చెను. విశ్వవిద్యాలయపు పట్టముకంటె ఆ చిన్న విధేయతయే తల్లికి ఎక్కువ సంతోషము కలిగించియుండును.

తరువాత అతడు కాంటనులో మకాముపెట్టి, పసివాడు నేర్చినట్లు తన భాషను మరల నేర్చుకొనెను. మాటలాడుట తిరిగి వచ్చుటకు ఇంచుమించు ఆరు నెలలు పట్టినది. వ్రాతకు అంతకంటె ఎక్కువ కాలము కావలసివచ్చెను. మారిసన్ పాఠశాలలో అతని సహాధ్యాయుడైన టాంగ్ కింగ్‌సింగ్ దేశము విడువక చదువుకొనినవాడు. చీనావారు ఆంగ్లము నేర్చుటకై అతడు ఆరు సంపుటముల గ్రంథము రచించి 1862లో కాంటనులో ప్రకటించెను. రేవులోని చిన్నపుస్తకములతో తృప్తిపడియున్నవారికి అది పెద్ద వరమైనది.

తనకు లభించిన విద్య మరి కొందరు చీనా బాలురకు లభింపవలెనని యుంగ్ వింగ్ కోరిక. అధికారుల చుట్టు పెక్కేండ్లు తిరిగిన పిమ్మట, జెంగ్ గువోఫాన్, లీ హోంగ్‌జాంగ్ అను ఇద్దరు గొప్ప ప్రభుత్వాధికారుల ప్రాపున అది నెరవేరెను. బాలురను సిద్ధపరచుటకు షాంఘైలో బడి పెట్టిరి. 1872 మొదలు 1875 వరకు ఏటికి ముప్పదిమంది చొప్పున నూటయిరువదిమంది బాలురు అమెరికాకు పంపబడిరి. పలువురికి పన్నెండు పదమూడేండ్లే. వారిని ఇద్దరు ముగ్గురు చొప్పున అమెరికా గృహస్థుల యిండ్లలో ఉంచిరి. ఆ యింటివారితో భుజించుచు, ఆడుచు, వారి పుస్తకములు చదువుచు వారు ఆంగ్లము నేర్చిరి. కాని చీనాభాషను విడువలేదు. చీనా పండితులు వెంట వచ్చిరి. హార్ట్‌ఫర్డ్ నగరమున కట్టించిన భవనమునకు బాలురు వంతులవారీగా వచ్చి చీనా గ్రంథములు చదువవలెను. బేస్‌బాల్ ఆటకు అలవడిన పిల్లలకు ఆ పాఠములు రుచింపలేదనుట నిజమే.

పిల్లలు పరదేశపు పద్ధతులకు లోబడి తమ విద్యను, తమ ఆచారములను అలక్ష్యము చేయుచున్నారని కొందరధికారులు స్వదేశమునకు వ్రాసిరి. పదునైదేండ్లు సాగవలసిన చదువు 1881లోనే ఆగిపోయెను. అందరిని వెనుకకు పిలిపించిరి. అప్పటికి విశ్వవిద్యాలయపు చదువు ముగించినవారు బహుకొద్దిమంది. యుంగ్ వింగ్‌కు ఇది కోలుకొనరాని దెబ్బ. అతడు తన చరిత్రను ఆంగ్లముననే వ్రాసి 1909లో ప్రకటించి, 1912లో హార్ట్‌ఫర్డ్‌లోనే కన్నుమూసెను.

చదువు ముగించిన ఆ కొద్దిమందిలో జాన్ తియన్యూ ఒకడు. 1861లో పుట్టి, 1872లో మొదటి జట్టుతో పోయి, 1881లో యేల్‌లోనే యింజనీరు పట్టము పొందెను. బీజింగునుండి జాంగ్‌జియాకౌ వరకు సుమారు 200 కిలోమీటర్ల రైలుమార్గమును, విదేశీ యింజనీర్ల సాయములేకుండ, 1905 మొదలు 1909 వరకు నాలుగేండ్లలో అతడు నిర్మించెను. దారిలో నిటారైన కొండలున్నవి. బాదాలింగ్ వద్ద సుమారు 1,090 మీటర్ల సొరంగము త్రవ్వించెను. నేరుగా ఎక్కలేనిచోట బండి ముందుకు కొంతదూరము పోయి, మరల వెనుకకు నడచి పైకెక్కునట్లు పట్టాలు వేయించెను. ఆ పట్టాల ఆకారము ‘మనిషి’ అను అర్థముగల చీనా గుర్తును పోలియుండును.

కొండ రాళ్లకు, సొరంగములకు, వంతెనలకు, యంత్రభాగములకు సంబంధించిన శాస్త్రమంతయు జాన్ తియన్యూ ఆంగ్లముననే చదివియుండెను. అతనిక్రింద పనిచేయు చీనా యువకులకు ఆ మాటలను చీనాలో చెప్పవలెను. ఒక్కొక్క ఆంగ్లపదమునకు ఒక్కొక్క చీనాపదము వెదకి, లేనిచోట కూర్చి, వానినన్నిటిని పోగుచేసి, 1915లో అతడొక యింజనీరింగు నిఘంటువును ప్రకటించెను. హాంకాంగ్ రేవుముందు ఓడమీద నిలిచి, నీటిరాయికి చీనామాట తోచక యుంగ్ వింగ్ తెల్లబోయి అప్పటికి సరిగా అరువది సంవత్సరములైనది.